తేమ బరువు

మొన్న బుధవారం పొద్దున డ్యూటీకి వెళ్ళగానే, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన వేలాడే గాజుకుప్పెలో అడుగున ఉన్న గింజలు గులాబీ రంగుకి తిరిగి ఉండటం చూశాను. నేను గుంటూరు శివార్లలో మిర్చి నిలవ చేసే ఒక కోల్డ్ స్టోరేజీలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. ఆ గింజలు సిలికా జెల్. ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కినప్పుడు గాలి వదులుతుంది, చల్లబడినప్పుడు పీలుస్తుంది. ఆ పీల్చే గాలిలోని తేమని ఈ గింజలు పట్టుకుంటాయి. పొడిగా ఉన్నన్నాళ్ళూ నీలంగా ఉంటాయి, తేమ నిండితే గులాబీ అవుతాయి. కొత్తవి తేవడానికి స్టోర్‌ రూమ్ వైపు వెళుతుండగా ఫోన్ మోగింది. పాలిటెక్నిక్‌లో నా పక్కన కూర్చున్న స్నేహితురాలు.

"మేడమ్ పోయారే," అంది.

ఏ మేడమ్ అని నేను అడగలేదు. మాకు చాలామంది మేడమ్‌లు పాఠాలు చెప్పారు కానీ, మా బ్యాచ్‌లో ఎవరు ఆ మాట ఒంటరిగా అన్నా ఆవిడే. మాకు ఎలక్ట్రికల్ మెషీన్స్ చెప్పిన లెక్చరర్. రిటైరై రెండేళ్ళయింది. కొన్ని నెలలుగా ఒంట్లో బాగుండటం లేదని తెలుసు. తెల్లవారుజామున నిద్రలోనే పోయారట. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. పక్క వాటాలో ఉండేవాళ్ళు పాలు తీసుకోలేదేమని తలుపు తట్టి చూశారట.

ఆవిడ గురించి ఎవరైనా రాస్తారేమో అని రెండు రోజులు చూశాను. ఎవరూ రాయలేదు. ట్రాన్స్‌ఫార్మర్ల గురించి చెప్పిన మనిషి మీద రాయడానికి ఏముంటుందని అనుకుని ఉంటారు. నాకు మాట్లాడటం కన్నా రాయడం తేలిక, కాబట్టి నేను రాస్తున్నాను.

నేను పదో తరగతి దాకా సిస్టర్ల బళ్ళో చదివాను. ఇంగ్లీషు బాగా వచ్చేది, మాట మాత్రం గొంతు దాటేది కాదు. కథల పుస్తకాలు చదువుకుంటూ ఏ మూలనో కూర్చునే పిల్లని. మా నాన్న నన్ను పాలిటెక్నిక్‌లో వేసినప్పుడు వచ్చిన సీటు ఎలక్ట్రికల్. మొదటి వారమంతా తరగతి గదిలో కిటికీ పక్కన కూర్చుని, ఇక్కడ నాకు పనికొచ్చేది ఏదీ లేదని నిశ్చయించుకున్నాను.

మేడమ్ మొదటి క్లాసు గదిలో జరగలేదు. అందరినీ ప్రహరీ పక్కన ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి తీసుకెళ్ళారు. కంచె బయట నిలబెట్టి, దాని ఒంటికి బిగించి ఉన్న చిన్న అల్యూమినియం పలకని చూపించారు. పుస్తకాల్లో దాన్ని నేమ్‌ప్లేట్ అంటారు. ఆవిడ బిళ్ళ అనేవారు. మా అందరినీ ఒకసారి చూసి నా దగ్గర ఆగారు.

"మీరు చదవండి. గట్టిగా."

నాకప్పుడు పదిహేనేళ్ళు. అప్పటిదాకా నన్ను మీరు అన్న పెద్దవాళ్ళు లేరు. తర్వాత తెలిసింది, ఆవిడ అందరినీ అలాగే అంటారని. అటెండర్నీ, మొదటి సంవత్సరం పిల్లల్నీ, కాలేజీ గేటు ముందు జామకాయలు అమ్మే ఆమెనీ. నేను చదివాను. కేవీఏ ఇంత, వోల్టులు ఇన్ని, ఆంపియర్లు ఇన్ని, నూనె ఇన్ని లీటర్లు, మొత్తం బరువు ఇంత. రాసి ఉన్నది చదవడం కాబట్టి గొంతు వచ్చింది. నన్ను బోర్డు దగ్గరికి పిలవకుండా మూడేళ్ళూ ఆవిడ నాచేత బిళ్ళలు చదివించారు. అది దయ అని అప్పుడు నాకు తెలియదు.

చదవడం అయ్యాక అడిగారు, దీని మీద రాయనిదేంటి అని. వెనకనించి ఎవరో "రేటండీ" అన్నారు. అందరూ నవ్వారు, ఆవిడా నవ్వారు.

"రేటూ లేదు, కిలోవాట్లూ లేవు. బల్బు మీద వాట్లుంటాయి. ఇస్త్రీపెట్టె మీద వాట్లుంటాయి. వీటన్నిటికీ కరెంటిచ్చేది ఇది. దీని మీద మాత్రం వాట్లు రాయలేదు, కేవీఏ అని రాశారు. ఎందుకు?"

జవాబు ఆవిడ చెప్పలేదు. తొందరేం లేదు, వెతకండి అన్నారు. నేను లైబ్రరీలో వెతికి, ట్రాన్స్‌ఫార్మర్ వేడి దానిలోంచి పోయే కరెంటు మీదా వోల్టేజీ మీదా ఆధారపడుతుంది కానీ పవర్ ఫ్యాక్టర్ మీద కాదు అనే ఇంగ్లీషు వాక్యం పట్టుకుని కంఠతా పెట్టాను. పరీక్షలో అది రాస్తే మార్కులు వస్తాయి. వచ్చాయి కూడా. ఆ వాక్యానికి అర్థం నాకు తెలిసింది మాత్రం మరుసటి ఏడు, ఒక మిరపచేలో.

అక్కడికి వెళ్ళే ముందు ఆవిడ ఎలా ఉండేవారో కొంచెం చెప్పాలి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. చీరాల నేత చీరలు, గంజి పెట్టినవి. సుద్దముక్క వేళ్ళకి అంటకుండా పాత పెన్ను మూతలో దూర్చి రాసేవారు. గుంటూరులో పుట్టి పెరిగి కారం తినలేని మనిషి. మధ్యాహ్నం ల్యాబ్ కిటికీ దగ్గర నిలబడి పెరుగన్నం తినేవారు. మేం ఎవరైనా గోంగూర పచ్చడి తెచ్చి ఊరిస్తే, "నా రేటింగ్ అంత లేదండీ" అని డబ్బా పక్కకి జరిపేవారు.

బిళ్ళ కనబడితే చదవకుండా ఉండలేరు. క్యాంటీన్ గ్రైండరు మీద, లిఫ్టులో, పెళ్ళిళ్ళలో షామియానా వెనక మోగే జనరేటరు మీద. ఒకసారి మా సీనియర్ పెళ్ళిలో అక్షింతల వేళకి ఆవిడ కనబడలేదు. వెతికితే జనరేటరు దగ్గర వంగి ఉన్నారు. డెకరేషన్‌ వాళ్ళకి, ఆ హాలోజన్ లైట్లు నాలుగు తీసేయండి, భోజనాల మధ్యలో ఆగిపోతుంది అని చెబుతున్నారు. వాళ్ళు తీయలేదు. పప్పు వడ్డిస్తుండగా ఆగిపోయింది. ఆవిడ చీకట్లో కూర్చుని పప్పన్నం కలుపుకున్నారు.

"ముందు బిళ్ళ చదవండి" అనేది ఆవిడ మొదటి మాట. రెండోది, "బిళ్ళ మీద ఉన్నది హద్దు. ఆశ కాదు." మోటరు వేడెక్కిందేమో చూడాలంటే అరచేయి పెట్టనిచ్చేవారు కాదు. చేతి వెనక వైపుతో తాకాలి. ఒకవేళ షాక్ కొడితే వేళ్ళు ముడుచుకుంటాయి, అరచేత్తో పట్టుకున్నది వదలదు. వెనక వైపైతే చెయ్యి దానంతటదే ఇవతలికి వచ్చేస్తుంది. ఇప్పటికీ నేను అన్నం వేడి కూడా అలాగే చూస్తాను. మా అమ్మ నవ్వుతుంది.

నన్ను ఆ చదువులో నిలబెట్టింది ఇంకో మాట. ఒక మధ్యాహ్నం ల్యాబ్‌లో అందరూ వెళ్ళిపోయాక నేను కథల పుస్తకం చదువుకుంటున్నాను. ఆవిడ వచ్చి పుస్తకం ఏమిటని అడగలేదు. విప్పి పెట్టిన ఒక పాత ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి రమ్మన్నారు.

"మీకు నచ్చేది ఒకటి చూపిస్తాను. రాగి తీగ చుట్టూ ఉన్నది ఏంటనుకున్నారు? కాగితం."

నిజంగానే కాగితం. నూనెలో నాని, ముదురు గోధుమ రంగుకి వచ్చిన కాగితం, పొరలు పొరలుగా. ఇంత ఇనుమూ రాగీ లోపల ప్రాణం ఉన్నది ఆ కాగితంలోనే అన్నారు. వేడి ఎక్కువైన కొద్దీ అది పెళుసెక్కుతుంది. ఒక గంట ఎక్కువ బరువు మోయిస్తే ఏమీ కాదు, ఓర్చుకుంటుంది. రోజూ మోయిస్తే బయటికి ఏమీ తెలియదు, లోపల కాగితం పొడి అవుతూ ఉంటుంది. ఒకరోజు ఉన్నట్టుండి కాలిపోతుంది. అందరూ ఆ రోజు ఏం జరిగిందని అడుగుతారు. ఆ రోజు ఏమీ జరగలేదు అన్నారు. నేను ఆ కాగితం ముక్క ఒకటి తీసుకుని పుస్తకంలో పెట్టుకున్నాను.

రెండో ఏడాది, మిరప పూత మీద ఉన్న రోజుల్లో, నా స్నేహితురాలు నాలుగు రోజులు కాలేజీకి రాలేదు. వచ్చాక క్లాసులో కూర్చుంది కానీ రాయడం లేదు. వాళ్ళమ్మ ప్రత్తిపాడు దాటాక ఒక ఊళ్ళో చేను కౌలుకి చేస్తుంది. వాళ్ళది పిడుగురాళ్ళ వైపు. నాన్న సున్నపు బట్టీల్లో పనిచేసి జబ్బుపడి మంచం పట్టాక, అమ్మ ఇటువైపు బంధువుల ఊరికి వచ్చి మిరప పెట్టింది. కొత్త మోటరు కొంది, బోరుకి కరెంటు పెట్టించుకుంది. అక్కడి ట్రాన్స్‌ఫార్మర్ మీద అప్పటికే నాలుగు మోటర్లున్నాయి. ఈమెది అయిదోది. ఈమె మోటరు తిప్పిన కొద్ది రోజులకే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కరెంటాఫీసు వాళ్ళు ఇంకోటి పెట్టారు కానీ, ఇది కూడా కాలితే ఇప్పట్లో రాదని లైన్‌మన్ చెప్పాడు. దాంతో మిగతావాళ్ళు భయపడ్డారు. ఒకాయన వచ్చి ఈమె వైరు పీకేశాడు. పూత మీద ఉన్న చేనుకి నీళ్ళు లేవు. పూత రాలడం మొదలైంది.

"ఈ పంట పోతే నేను ఇక రానే," అని నాతో మెల్లగా అంది. మేడమ్‌కి వినబడింది.

ఆవిడ ఊరు పేరు అడిగారు. ఎవరెవరి మోటర్లని అడిగారు. స్నేహితురాలు నాలుగు ఇంటిపేర్లు చెప్పింది. మేడమ్ సుద్దముక్కని పెన్ను మూతలోంచి తీసి, డబ్బాలో పెట్టి, మూత పెట్టారు. ఆదివారం వెళదాం, మీరు కూడా రండి, చదవడానికి మనిషి కావాలి అని నాతో అన్నారు.

ప్రత్తిపాడు దాకా బస్సులో, అక్కడినించి ఆటోలో వెళ్ళాం. ఆవిడ ఒళ్ళో ఒక సంచి. రోడ్డుకి ఒకవైపు పత్తి, ఒకవైపు మిరప. నల్లరేగడి అప్పటికే నెర్రెలిస్తోంది. స్నేహితురాలి వాళ్ళ చేను చూడగానే తెలిసిపోయింది. పక్క చేలల్లో మిరప నిలువుగా ఉంటే, ఈ చేలో మధ్యాహ్నానికే ఆకు వేలాడేసింది. గట్టు మీద చుట్ట చుట్టి పడేసిన వైరు. వాళ్ళమ్మ మమ్మల్ని చూసి నీళ్ళు తేవడానికి వెళ్ళబోతే, ముందు మోటరు చూపించండమ్మా అన్నారు మేడమ్.

కబురు అంది మోటర్ల వాళ్ళు నలుగురూ వచ్చారు, లైన్‌మన్ కూడా వచ్చాడు. వాళ్ళలో పెద్దాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లెక్క చెప్పాడు.

"అది ఇరవై అయిదు కేవీఏ అండి. మోటర్లు అయిదు. ఒక్కోటి అయిదు హార్స్‌పవర్. అయిదైదులు ఇరవై అయిదు. లెక్క కుదిరిందా? నాలుగున్నప్పుడు కాలలా. అయిదోది రాగానే కాలింది. అంటే ఈమె మోటరు మీద అయిదని రాసుంది కానీ లోపల ఏడున్నర ఉంది. ఇంకేముందండీ చెప్పడానికి?"

నాకు కూడా ఆ లెక్క సరిగ్గానే ఉన్నట్టు అనిపించింది. మేడమ్ మాత్రం, మీ లెక్క చక్కగా ఉందండీ, ఒకసారి మోటర్లని కూడా అడుగుదాం అన్నారు. సంచిలోంచి టాంగ్ టెస్టర్ తీశారు. అది పటకారులా నోరు తెరుస్తుంది. తీగని మధ్యలో పెట్టి మూస్తే, తాకకుండానే ఎంత కరెంటు పోతోందో చెబుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ బిళ్ళ మీద ఉన్నది నేను కింద నుంచి మెడ ఎత్తి చదివాను. అటువైపు పదకొండు వేల వోల్టులు. మోటర్ల వైపు ముప్ఫై మూడు ఆంపియర్లు.

"అందరం కలిపి ముప్ఫై మూడులో ఉండాలి," అన్నారు మేడమ్.

నలుగురి మోటర్లూ వేయించారు. ఒక్కో స్టార్టరు దగ్గరికి వెళ్ళి టెస్టర్ పెట్టి నా వైపు తిప్పేవారు, నేను చదివేదాన్ని. తొమ్మిది. తొమ్మిదికి కొంచెం తక్కువ. తొమ్మిది. నాలుగో మోటరు దగ్గర తొమ్మిది దాటింది. ఆ మోటరు, వైరు పీకినాయనది. ఆయన దగ్గరికి రాలేదు, గట్టు మీద కూర్చుని గడ్డిపరకలు తుంచుతున్నాడు. నలుగురివీ కలిపితే ముప్ఫై ఆరు. పెద్దాయన ఒకసారి గట్టు మీది మనిషి వైపూ, ఒకసారి మేడమ్ వైపూ చూసి తువ్వాలు సర్దుకున్నాడు.

తర్వాత లైన్‌మన్ సప్లై ఆపి, చూడటం వరకే అని చెప్పి, అయిదో వైరు కలిపాడు. స్నేహితురాలి వాళ్ళమ్మ మీట నొక్కింది. అన్ని రోజుల తర్వాత ఆ బోరు నీళ్ళు పోసింది. నేను టెస్టర్ చూసి, తప్పు చదువుతున్నానేమో అని మళ్ళీ చూసి, గట్టిగా చెప్పాను. ఆరు.

"అదేందండీ, కొత్త మోటరు మరీ బలహీనంగా ఉందా?" అన్నాడు ఒకాయన.

"నీళ్ళు తక్కువ పడుతున్నాయా?" అని మేడమ్ అడిగారు.

తక్కువేం లేవు. అందరూ చూస్తూనే ఉన్నారు.

అప్పుడు ఆవిడ వాళ్ళని ఒకటే అడిగారు, మీ స్టార్టర్ల దగ్గర కండెన్సర్లు ఏవి అని. కెపాసిటర్‌ని అక్కడ అలా అంటారు. వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అవి ఊరికే కరెంటు తాగుతాయని ఎవరో అంటే ఎప్పుడో పీకేశారట. ఒకాయనదాంట్లో కందిరీగలు గూడు పెట్టాయట. కందిరీగల్ని పీకబోయి మొత్తం పీకేశానని ఒప్పుకున్నాడు. ఈమెది కొత్త మోటరు, షాపువాడు బిగించి ఇచ్చింది అలాగే ఉంది.

మేడమ్ గట్టు మీద కూర్చున్నారు. మేమంతా చుట్టూ నిలబడ్డాం.

"మిర్చి యార్డులో టిక్కీ తూకం వేసినప్పుడు తేమకి తరుగు తీస్తారా?"

"తియ్యకేమండీ, కాయ పొడిగా గలగలలాడుతున్నా తీస్తారు," అన్నాడు పెద్దాయన. టిక్కీ అంటే మిర్చి బస్తా. తరుగు మాట ఎత్తితే ఆ ఊళ్ళో ఎవరికైనా మాట ఆగదు. ఆవిడ అంతా చెప్పనిచ్చారు.

"మరి హమాలీకి తరుగు తీస్తారా? తేమ బరువు దించేసి, ఉత్త కాయ బరువే వీపు మీద పెడతారా?"

"అదెట్టా కుదురుద్దండీ. మోసేవాడు మొత్తం మొయ్యాల్సిందేగా."

"ఈ ట్రాన్స్‌ఫార్మర్ హమాలీ అండి. మీ మోటరు మీద రాసిన హార్స్‌పవర్, కాయ బరువు. మోటరు తిరగాలంటే దానితోపాటు ఇంకొంచెం కరెంటు ఊరికే వచ్చిపోతూ ఉండాలి. అది పని చెయ్యదు, కానీ తీగలోంచి రావాల్సిందే. అది తేమ. కొన్నవాడు తేమకి డబ్బివ్వడు, మోసినవాడి వీపుకి మాత్రం తెలుస్తుంది. అందుకే దీని మీద కిలోవాట్లు రాయరు. కేవీఏ రాస్తారు. ఎంత పనికొచ్చిందో దానికి తెలియదు, ఎంత మోసిందో తెలుసు."

ఏడాది కిందట ప్రహరీ దగ్గర అడిగిన ప్రశ్నకి జవాబు అది. నేను ఇంగ్లీషులో కంఠతా పెట్టిన వాక్యం కూడా అదే. ఆ రెండూ ఒకటేనని నాకు అప్పుడు తెలిసింది.

"ఆ తేమని కండెన్సరు మోటరు దగ్గరే సర్దిపెడుతుంది. ట్రాన్స్‌ఫార్మరు దాకా వెళ్ళి తెచ్చుకోనివ్వదు. మీరు నలుగురూ దాన్ని తీసేసి, తడి టిక్కీలు ఎక్కించి, దాని వీపు ముందే నింపేశారు. ఆమె పొడి టిక్కీ తెచ్చింది, పెట్టడానికి చోటు లేదు. ఆఖర్న వచ్చింది కాబట్టి ఆమె తప్పని అనుకున్నారు."

గట్టు మీది మనిషి అప్పుడు నోరు విప్పాడు. మీటరు తెచ్చినవాళ్ళు ఏదైనా చూపిస్తారు అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

మేడమ్ లేచారు. సంచిలోంచి ఒక కెపాసిటర్ తీసి లైన్‌మన్‌కి ఇచ్చారు. కాలేజీది కాదు, దారిలో దిగి కొన్నది. సప్లై ఆపించి, దాన్ని ఆయన మోటరుకే పెట్టించారు. మళ్ళీ సప్లై ఇప్పించి, మోటరు వేయించి, నాకు చూపించాల్సిన టెస్టర్ పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళారు.

"పట్టుకో. నువ్వే చూడు."

ఆయన వెంటనే తీసుకోలేదు. ఆవిడ చెయ్యి చాచి అలాగే నిలబడ్డారు. చివరికి లేచి తీసుకున్నాడు. స్టార్టరు దగ్గర తీగకి పెట్టి చూశాడు. పెద్దాయన పక్కనించి తొంగి చూసి, "ఆరున్నరే," అన్నాడు. "తొమ్మిది దాటింది ఇందాక." వైరు పీకినాయన తల తిప్పి గొట్టం వైపు చూశాడు. నీళ్ళు ఇందాక పడినట్టే పడుతున్నాయి. ఆయన టెస్టర్‌ని స్టార్టరు పెట్టె మీద పెట్టేసి, చెప్పులు చేత్తో పట్టుకుని చేలకి అడ్డంగా నడిచి వెళ్ళిపోయాడు.

మిగతా ముగ్గురూ ఆ వారంలోనే కండెన్సర్లు పెట్టించారు. అవి వచ్చేదాకా ఒకళ్ళు ఆపాక ఒకళ్ళు వేసుకునేలా అక్కడే మాట్లాడుకున్నారు. అయిదో వైరుని ఇక పీకలేదు. అన్నీ పెట్టాక లైన్‌మన్ కొలిచి చూస్తే, అయిదూ కలిపి ముప్ఫై రెండు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఆ పంటకి కాలలేదు. చేను మూడొంతులు కోలుకుంది. కోతలప్పుడు మేం అందరం ఒక ఆదివారం వెళ్ళి కాయ కోశాం. చేతులు రెండు రోజులు మండాయి. స్నేహితురాలు చదువు మానలేదు. ఇప్పుడు ఒంగోలు దగ్గర ఒక సబ్‌స్టేషన్‌లో పనిచేస్తోంది.

ఆ రోజే తిరుగు బస్సెక్కాం. ఇంత మంచి పని జరిగింది కదా, మేడమ్ సంతోషంగా ఉంటారనుకున్నాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. గుంటూరు దగ్గరపడ్డాక, మీ గొంతు బాగా వినబడిందండీ, వెనక నిలబడినవాళ్ళకి కూడా, అన్నారు. అంతే.

ఆవిడ దగ్గర చదివినవాళ్ళం చాలామందిమి ఇప్పుడు ఎక్కడెక్కడో ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర పనిచేస్తున్నాం. మా మేనేజరు పోయిన సీజన్లో ఇంకో కంప్రెసర్ పెడదామన్నాడు, కిలోవాట్ల లెక్కలో ఇంకా చోటుందని. నేను ముందు బిళ్ళ చదివాను. తర్వాత ఆయన్ని హమాలీల షెడ్డు దగ్గరికి తీసుకెళ్ళి తేమ సంగతి చెప్పాను. మిర్చి వ్యాపారం చేసిన మనిషి, చప్పున అర్థం చేసుకున్నాడు. ఇది ఎవరు చెప్పారమ్మా నీకు అని అడిగాడు. మా మేడమ్ అన్నాను. అది విని ఆవిడ నవ్వుతారనుకుని ఫోన్ చేశాను. కంప్రెసర్ బిళ్ళ మీద ఏముందో చదవమన్నారు.

బుధవారం మధ్యాహ్నం మేడమ్ ఇంటికి వెళ్ళేసరికి అంతా సిద్ధం చేస్తున్నారు. చిన్న ఇల్లు, రెండు గదులు. మా బ్యాచ్ వాళ్ళం ఏడెనిమిది మందిమి వచ్చాం. స్నేహితురాలు వాళ్ళమ్మని తీసుకొచ్చింది. ఆమె చేలోంచి అలాగే వచ్చినట్టుంది, కాళ్ళకి నల్లమట్టి ఉంది. గుమ్మం పక్కన గోడకి ఆనుకుని ఒకాయన కింద కూర్చుని ఉన్నాడు. జుట్టు బాగా నెరిసింది. ముందు నేను పోల్చుకోలేదు. స్నేహితురాలి వాళ్ళమ్మ పోల్చుకుని ఆగింది. ఆయన తలెత్తి ఆమెని చూశాడు.

"చేనుకి నీళ్ళందుతున్నాయా?" అని అడిగాడు.

"అందుతున్నాయన్నా," అంది ఆమె.

ఆయన తల ఊపాడు. కాసేపటికి లోపల్నించి పిలిచారు. ఆయన లేచి, చొక్కా విప్పి, తడిబట్ట కట్టుకుని వచ్చాడు. నిప్పుకుండ ఉట్టి ఆయన చేతికిచ్చారు. సన్నటి వీధి, రెండు పక్కలా స్కూటర్లు. పొగ కళ్ళలోకి కొడుతున్నా మొహం తిప్పకుండా ఆయన ముందు నడిచాడు.

అప్పట్లో వైరు పీకినాయన ఆయనే. అది ఆయన అత్తవారి ఊరు. ఆయన మేడమ్ గారి సొంత తమ్ముడు.